గోడకు చెప్పుకుంటున్న టీవీలు

వినని మనిషికి ఎంత చెప్పినా గోడకు చెప్పినట్టే అంటాం. ఇవాళ మన హాళ్లలో ఉన్న టీవీలు అక్షరాలా ఆ పనే చేస్తున్నాయి. పల్చటి టీవీని ఒకసారి కింది నుంచి, వెనక నుంచి చూస్తే సంగతి తెలిసిపోతుంది. ముందు భాగమంతా తెరే కాబట్టి స్పీకర్‌కు అక్కడ చోటు లేదు. శబ్దం వచ్చే సన్నటి రంధ్రాలు ఎక్కువ మోడళ్లలో అడుగునో వెనకనో ఉంటాయి. తెరమీద మనిషి మనవైపు చూసి మాట్లాడుతుంటాడు, అతని గొంతు మాత్రం మొదట గోడకో, టీవీ యూనిట్ పలకకో తగిలి, అక్కణ్నుంచి చెదిరి సోఫా దాకా వస్తుంది. హైదరాబాద్ తూర్పున పీర్జాదిగూడ, బోడుప్పల్, మేడిపల్లి వైపు కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్లలో ఈ మాట మసక దాదాపు ప్రతి ఇంటి సమస్య. దానికి ఇళ్లలో జరుగుతున్న వైద్యం కూడా ఒకటే: రిమోట్‌తో సౌండ్ పెంచడం. పాట రాగానే తగ్గించడం, మాట రాగానే మళ్లీ పెంచడం. అయినా అర్థం కాకపోతే ఇంట్లో పెద్దాయనకు చెవుడు వచ్చిందని తేల్చేయడం. ఆ తర్వాత డబ్బు చేతికొచ్చిన నెలలో పెద్ద వూఫర్ ఉన్న హోమ్ థియేటర్ సెట్టు తెచ్చుకోవడం. ఈ వరుస మొత్తం తప్పని నా వాదన. మాట తెలియకపోవడానికి కారణం శబ్దం చాలకపోవడం కాదు, మాట వచ్చే దారి చెడిపోవడం. దారి బాగుచేయడమంటే ముందు స్పీకర్ ఉన్న చోటు, తర్వాత గది, ఆ తర్వాతే కొనుగోలు. కొనేటప్పుడు కూడా డబ్బు వెళ్లాల్సింది వాట్ల మీదికి కాదు, మధ్యలో నిలబడి మాట పలికే ఒక్క స్పీకర్ మీదికి.

నగరం తూర్పు వైపు ఉన్నవాళ్లకు టీవీతో బంధం కొత్తదేం కాదు. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ మొదలైంది, ఆ కేంద్రం ఉన్నది ఉప్పల్‌ను ఆనుకున్న రామంతాపూర్‌లోనే. 1967లో పుట్టిన ఈసీఐఎల్ కుషాయిగూడ పక్కన ఉంది. ఒక తరం తెలుగు ఇళ్లకు ఈసీ టీవీని ఇచ్చింది ఆ సంస్థే. అంతకుముందు 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా ఉపగ్రహం ద్వారా పల్లెలకు పాఠాలు పంపిన సైట్ ప్రయోగంలో, ఆంధ్రప్రదేశ్ సహా 6 రాష్ట్రాల గ్రామాల్లో పెట్టిన సెట్లు తయారైంది ఈసీఐఎల్‌లోనే. ఆ ప్రయోగంలో నన్ను ఆకట్టుకునే అంశం ఒకటుంది. బొమ్మ ఒకటే అయినా దాని వెంట రెండు భాషల శబ్దం పంపే ఏర్పాటు అందులో చేశారు. బొమ్మ కనిపిస్తే సరిపోదు, మాట చేరితేనే ప్రసారం చేరినట్టు అన్న స్పృహ ఆ ఇంజనీర్లలో మొదటి నుంచీ ఉంది. ఆ తర్వాత మన ఇళ్లకు వచ్చిన పెట్టె టీవీలు బొమ్మ విషయంలో ఇప్పటి వాటి ముందు నిలవవు. కానీ వాటిలో చాలా వాటికి స్పీకర్ తెర పక్కనే, చూసేవాళ్ల వైపు తిరిగి ఉండేది, దాని వెనక పెట్టెలో కావలసినంత గాలి ఉండేది. స్పీకర్ పొర ముందుకీ వెనక్కీ కదిలి గాలిని నెట్టాలి, అందుకు వెనక జాగా కావాలి. టీవీ పల్చబడ్డ కొద్దీ ఆ జాగా పోయింది. చిన్న స్పీకర్‌తో పెద్ద శబ్దం చేయించబోతే గొంతు చీలుతుంది. తెర నాలుగింతలైంది, గొంతు మాత్రం బక్కచిక్కింది.

మాట స్పష్టత అంటే ఏమిటో చూస్తే, సౌండ్ పెంచడం ఎందుకు పనిచేయదో అర్థమవుతుంది. మన మాటలో బలమంతా అచ్చులది, అర్థంలో పెద్ద భాగం హల్లులది. అచ్చుల శక్తి ఎక్కువగా 1,000 హెర్ట్జ్‌కు లోపు ఉంటుంది. ఏ హల్లు పలికామో చెప్పే ఆనవాళ్లు చాలావరకు 1,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్య ఉంటాయి, స-శ వంటివైతే ఇంకా పైకి వెళ్తాయి. ఇవి అచ్చులతో పోలిస్తే చాలా బలహీనమైన శబ్దాలు, అందుకే ముందుగా పోయేవి ఇవే. తెలుగులో పాట-పాత, వాడు-వాదు, కల-కళ అనే జంటల్లో తేడా అంతా నాలుక ఎక్కడ తగిలిందన్న దానిలో ఉంది, ఆ తేడా చెవికి తెలిసేది ఈ పై పౌనఃపున్యాల్లోనే. ఇక ద్విత్వాల సంగతి. అక్క, అత్త, చెట్టు, పిట్ట అన్నప్పుడు మధ్యలో సెకనులో పదో వంతో, ఇంకాస్త ఎక్కువో గొంతు ఆగుతుంది. ఆ నిశ్శబ్దం మాటలో భాగం. మోత ఎక్కువగా ఉన్న గదిలో ముందరి అచ్చు తాలూకు ప్రతిధ్వని ఆ ఖాళీని నింపేస్తుంది, పట్టం కాస్తా పటమైపోతుంది. అన్నిటికన్నా ముఖ్యమైంది మన వాక్యం చివర ఉంటుంది. వచ్చాడు, వచ్చారు, వచ్చావు, వచ్చాడా, వచ్చాడట. ఎవరు, ఎప్పుడు, నిజమా సందేహమా, చెప్పింది ఎవరు అన్నదంతా ఆఖరి ఒకటి రెండు అక్షరాల్లో మోస్తాం. వాక్యం చివరికొచ్చేసరికి గొంతు సహజంగానే దిగుతుంది. అంటే అర్థం ఎక్కువగా ఉన్న చోటే శబ్దం తక్కువ. ఇంగ్లిష్ సినిమాల కోసం ఎవరో చేసిన సౌండ్ సలహాలను మనం యథాతథంగా తీసుకోవడం కన్నా, మన భాషకు ఏం కావాలో చూసుకోవడం మంచిది. తెలుగుకు కావలసింది పై పౌనఃపున్యాల్లో ఉండే హల్లుల స్వచ్ఛత, అక్షరాల మధ్య చిన్న చిన్న నిశ్శబ్దాలు చెరగకపోవడం.

ఆ నిశ్శబ్దాలను చెరిపేది మన హాలే. మన వైపు హాళ్లు ఎలా కడుతున్నామో అందరికీ తెలుసు: కింద విట్రిఫైడ్ టైల్స్ లేదా గ్రానైట్, పైన స్లాబు, చుట్టూ పుట్టీ పట్టి నున్నగా చేసిన గోడలు, ఒక వైపు అద్దాల స్లైడింగ్ తలుపు. వీటిలో ఏదీ శబ్దాన్ని తాగదు. తగిలినదాన్ని తగిలినట్టే తిప్పికొడుతుంది. హాలు 18 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు అనుకుందాం. హార్వర్డ్‌లో ప్రతిధ్వనిని కొలిచిన వాలెస్ సాబిన్ సూత్రంతో లెక్క వేస్తే, సామాను లేని ఇలాంటి గదిలో శబ్దం చల్లారడానికి 3 సెకన్లకు పైగా పడుతుంది. గృహప్రవేశం నాడు మంత్రాలు మోగిపోవడం అందుకే. సోఫా, నలుగురు మనుషులు, నాలుగు సామాన్లు చేరితే అది 1.2 సెకన్ల దగ్గరికి దిగుతుంది. గోడకు నిండుగా మందపాటి పరదాలు, సోఫా ముందు ఒక మోస్తరు తివాచీ వేస్తే 0.7 దాకా వస్తుంది. అమెరికాలో తరగతి గదుల ప్రమాణం 0.6 సెకన్లు. అక్కడ పిల్లలకు పాఠం వినపడడానికి అవసరమనుకున్న దానికి రెట్టింపు మోతలో మనం రోజూ సీరియల్ వింటున్నామన్నమాట. ఇదే లెక్కను కొంచెం ముందుకు తీసుకెళ్తే ఇంకో విషయం బయటపడుతుంది. 1.2 సెకన్ల మోత ఉన్న ఆ హాల్లో స్పీకర్‌కు రెండు మూడు అడుగులు దాటాక, నేరుగా వచ్చే గొంతు కన్నా గోడల నుంచి తిరిగొచ్చే మోతే ఎక్కువ. సోఫా ఉన్నది పది పదకొండు అడుగుల దూరంలో. సౌండ్ పెంచితే నేరుగా వచ్చేదీ పెరుగుతుంది, మోతా అంతే పెరుగుతుంది, వాటి నిష్పత్తి అంగుళం కదలదు. బురదనీళ్లు ఎక్కువ పోసినంత మాత్రాన తేటపడవు. అదే సోఫాను 11 అడుగుల నుంచి 8 అడుగులకు జరిపితే నేరుగా వచ్చే గొంతు దాదాపు 3 డెసిబెల్స్ పెరుగుతుంది, మోత మాత్రం ఉన్నచోటే ఉంటుంది. 3 డెసిబెల్స్ అంటే ఆంప్లిఫయర్ శక్తిని రెట్టింపు చేసినంత. రూపాయి ఖర్చు లేని పని అది.

గోడల నుంచి వచ్చేదంతా చెడ్డదేనా అని శబ్దశాస్త్రం చదివినవాళ్లు అడగొచ్చు, అడగాలి కూడా. కాదు. నేరుగా వచ్చే శబ్దం తర్వాత సెకనులో ఇరవయ్యో వంతు లోపల వచ్చే ప్రతిధ్వనిని చెవి విడిగా లెక్కపెట్టదు, అసలు గొంతులో కలిపేసుకుని దానికి బలం చేకూరుస్తుంది. అందుకే గదిని రికార్డింగ్ థియేటర్‌లా మూసేయమని నేను చెప్పడం లేదు, అలాంటి గదిలో కూర్చోవడం కూడా హాయిగా ఉండదు. చెరుపు చేసేది ఆలస్యంగా, పదేపదే తిరిగి వచ్చే మోత. దాన్ని తగ్గించడానికి నాలుగు గోడలూ కప్పక్కర్లేదు. టీవీకి ఎదురుగా ఉన్న గోడ మీద మందపాటి పరదా గానీ పుస్తకాల అర గానీ, టీవీకి సోఫాకి మధ్య నేల మీద తివాచీ గానీ ఉంటే చాలా తేడా వస్తుంది. వరంగల్ రోడ్డు దుమ్ములో తివాచీ ఎవరు దులుపుతారన్న ప్రశ్న న్యాయమైనదే. 2018లో మొదలైన ఉప్పల్-నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులు ఏళ్ల తరబడి సాగి, ఈ దారి పొడవునా ఇళ్లకు ఎంత దుమ్ము పంచాయో ఇక్కడివాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. తివాచీ కుదరనివాళ్లకు దులపగలిగే జంపఖానా ఉంది, ఉతకగలిగే రెండు పొరల పరదా ఉంది, గుడ్డ సోఫా ఉంది. రెగ్జిన్ సోఫా శబ్దాన్ని అంతగా తాగదు. ఇంటీరియర్ పేరుతో టీవీ వెనక అద్దాలు, పాలరాతి షీట్లు అంటించడం ఇప్పుడు ఎక్కువైంది. ఆ డబ్బులో సగం పెట్టి ఎదురు గోడకు గుడ్డ కట్టిన పలకలు బిగిస్తే కంటికీ బాగుంటుంది, చెవికీ మేలు.

మోతకు సౌండ్ పెంచడం మందు కాదన్నాను గానీ, బయటి రొదకు అది కొంతవరకు మందే. రహదారి మీద లారీలు, ఉప్పల్ డిపో వైపు బస్సులు, నెత్తిమీద 5లో తిరిగే ఫ్యాను ఉన్నప్పుడు మాట వాటికన్నా కొంత పైన ఉండాలి. ఇంత పైన అని తరగతి గదులకు చెప్పే లెక్క 15 డెసిబెల్స్. అది రెండు విధాలుగా సాధించవచ్చు: మాటను పెంచో, రొదను తగ్గించో. కిటికీ రబ్బరు బీడింగు సరిచేయడం, పాత ఫ్యాను బేరింగు మార్చడం లాంటి పనులు స్పీకర్ ఖర్చులో పైసా వంతు. టీవీ చూసే రెండు గంటలు ఫ్యానును 5 నుంచి 3కి దించడం ఎండాకాలంలో కుదరకపోవచ్చు, మిగతా కాలమంతా కుదురుతుంది.

ఇక స్పీకర్ దగ్గరికి వద్దాం. చాలామంది రెండు స్పీకర్లు చెరో పక్క పెడితే గొంతు మధ్యలో పుడుతుంది కదా, మూడోది ఎందుకంటారు. సరిగ్గా మధ్యలో కూర్చున్న ఒక్కరికి మధ్యలోనే పుడుతుంది. సోఫా చివర కూర్చున్నవాళ్లకు గొంతు దగ్గరి స్పీకర్‌లోకి జరిగిపోతుంది. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. ఒకే గొంతు రెండు స్పీకర్ల నుంచి వచ్చినప్పుడు ప్రతి చెవికీ రెండేసి సార్లు, సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ తేడాతో చేరుతుంది. ఆ తేడా వల్ల 2,000 హెర్ట్జ్ చుట్టూ శబ్దంలో గుంత పడుతుంది. హల్లుల ఆనవాళ్లు ఉండేది అక్కడే. శబ్ద పునరుత్పత్తి మీద జీవితమంతా పనిచేసిన ఫ్లాయిడ్ టూల్ ఈ గుంత గురించి వివరంగా రాశారు. ఈ ఇబ్బందికి మందు కూడా పాతదే. 1933లో బెల్ ల్యాబ్స్ ఇంజనీర్లు ఫిలడెల్ఫియాలో వాయించిన ఆర్కెస్ట్రాను తీగల మీద వాషింగ్టన్‌కు పంపినప్పుడు ఎడమ, మధ్య, కుడి అని మూడు స్పీకర్లు వాడారు. సినిమా హాలు ఆ పాఠాన్ని నేర్చుకుంది. ఇవాళ దాదాపు ప్రతి థియేటర్‌లో మాట వచ్చేది తెర వెనక, మధ్యలో ఉన్న స్పీకర్ నుంచే, తెరకు సన్నటి చిల్లులుండేది దానికోసమే. అయిదు స్పీకర్లు, ఒక వూఫర్‌తో వినే 5.1 శబ్దంలో మాటలకని ప్రత్యేకంగా ఒక మధ్య దారి ఉంది. ఓటీటీలో వచ్చే కొత్త సినిమాల్లో ఆ దారి మన ఇంటి దాకా వస్తోంది. మన టీవీ దాన్ని రెండు స్పీకర్లలోకి కలిపేసి, పక్కలకు వెళ్లాల్సిన సంగీతాన్నీ అరుపుల్నీ దాని మీదే పోస్తోంది. మాటకు దారి వేసి పంపినవాళ్ల శ్రమ ఆఖరి పది అడుగుల్లో వృథా అవుతోంది.

అయితే ఆ 5.1 సెట్టు కొంటే పోయిందిగా అనేవాళ్లున్నారు. కోఠీ గుజరాతీ గల్లీలో గానీ, ఉప్పల్ రింగ్ రోడ్డు చుట్టూ ఉన్న షోరూముల్లో గానీ మధ్యతరగతి ఇంటికి అమ్ముడుపోయే సెట్లలో పెద్దది వూఫరే, పిడికిలంత ఉండేవి మిగతా అయిదు. డబ్బంతా వూఫర్‌కు పోయింది, మాట పలికే మధ్య స్పీకర్‌కు రెండంగుళాల పొర దక్కింది. అంత చిన్నది గొంతులోని కింది స్థాయిని పలకలేదు కాబట్టి ఆ భాగాన్ని వూఫర్‌కు అప్పగిస్తారు. మగ గొంతు సగం బల్ల మీది నుంచి, సగం మూలలో ఉన్న డబ్బా నుంచి వస్తుంది. మన హాలు కొలతలకు 30 నుంచి 60 హెర్ట్జ్ మధ్య గదే మోగుతుంది. మూలలో పెట్టిన వూఫర్ ఆ మోతను రెచ్చగొడుతుంది. కింది పౌనఃపున్యాల శబ్దం పెరిగితే పైవాటిని కప్పేస్తుందన్నది చెవి నిర్మాణంలోనే ఉన్న లక్షణం. కాబట్టి మాటకు మొదటి శత్రువు ఎక్కువైన బేసే. డబ్బా మీద పీఎంపీఓ అని వేలల్లో రాసిన వాట్లను అసలు పట్టించుకోవద్దు, కొలవదగ్గ సంఖ్య ఆర్ఎంఎస్ ఒక్కటే, మాటకు అది కూడా పదుల్లో ఉంటే ఎక్కువ. దుకాణంలో వినిపించేది పోరాట సన్నివేశమో పాటో. కొనేవాళ్లు ఫోన్‌లో ఆకాశవాణి వార్తలు రెండు నిమిషాలు ఎక్కించుకెళ్లి, వూఫర్ ఆపించి, తక్కువ సౌండ్‌లో, ఎదురుగా కాకుండా పక్కకు జరిగి నిలబడి వినాలి. ఆ స్థితిలో ఊరి పేర్లు, అంకెలు, వాక్యం చివరి క్రియ తేటగా అందిన స్పీకరే మంచి స్పీకర్.

సౌండ్‌బార్ కొనదలిస్తే 2.1 కన్నా 3.1 మేలు, ఆ మూడులో ఒకటి మాటది కాబట్టి. విడి సెంటర్ స్పీకర్ కొనేవాళ్లు ఒక విషయం గమనించాలి. అడ్డంగా పడుకోబెట్టిన పెట్టెలో మధ్య చిన్న ట్వీటర్, రెండు పక్కలా ఒకే రకం వూఫర్లు ఉండే నమూనా చాలా ప్రచారంలో ఉంది. పక్కకు కూర్చున్నవాళ్లకు ఆ రెండు వూఫర్ల శబ్దం ఒకదాన్నొకటి కొట్టేసుకుని, మాటకు కీలకమైన చోటే పల్చబడుతుంది. ట్వీటర్ కింద మధ్యస్థాయి స్పీకర్ నిలువుగా ఉన్నదైనా, అసలు నిలువుగా పెట్టిన ఒక మంచి బుక్‌షెల్ఫ్ స్పీకర్ అయినా దానికన్నా నయం. కొన్న తర్వాత పెట్టే చోటు కొనుగోలంత ముఖ్యం. అర లోపలికి తోసేస్తే పైపలక, కిందపలక గొంతుకు డప్పు మోతను తోడు చేస్తాయి. పలక ముందు అంచు దాకా లాగి పెట్టాలి, కింద ఉంటే ముందువైపు కొంచెం ఎత్తి చెవి వైపు తిప్పాలి. సోఫాలో కూర్చుంటే చెవి నేల నుంచి మూడున్నర అడుగుల ఎత్తులో ఉంటుంది. మనవాళ్లు టీవీని దేవుడి పటంలా ఎత్తున కొట్టించి, దాని కింద సౌండ్‌బార్‌ను షోకేసు అద్దం వెనక దాస్తున్నారు. అద్దం వెనక నుంచి హల్లులు బయటికి రావు. స్పీకర్ ముందు పూలకుండీ, బొమ్మల కొలువు, ఫొటో ఫ్రేములు ఉండకూడదు. బ్లూటూత్‌తో కలపడం కన్నా హెచ్‌డీఎంఐ ఆర్క్ గానీ ఆప్టికల్ తీగ గానీ మేలు. బ్లూటూత్‌లో శబ్దం సెకనులో పదో వంతుకు పైగా వెనకబడవచ్చు. తెలియకుండానే మనం పెదాలు చూసి కొంత మాట పోల్చుకుంటాం. 1976లో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ చూపించినట్టు, పెదాలు ఒకటి చెప్పి చెవి ఒకటి చెబితే మెదడు మూడోది వింటుంది.

బలమైన ఆక్షేపణ ఒకటుంది: తప్పు మన ఇళ్లది కాదు, సినిమా శబ్దం కలిపేవాళ్లది. నేపథ్య సంగీతం మాట మీద ఎక్కిస్తున్నది వాళ్లే కదా? ఇందులో నిజం చాలా ఉంది. 2020లో వచ్చిన టెనెట్ సినిమాలో మాటలు తెలియలేదని ప్రపంచమంతా గోల పెట్టింది. మన సీరియళ్లలో ప్రతి చూపుకూ మూడు ఉరుములు వేసే అలవాటును నేను సమర్థించను. కేబుల్ టీవీ నిబంధనల్లో ప్రకటనల శబ్దం మితిమీరకూడదని రాసి ఉన్నా ప్రకటన రాగానే చేయి రిమోట్ మీదికి పోతుంది. ఇవన్నీ అడగాల్సిందే. కానీ రామంతాపూర్ స్టూడియో నుంచి నేపథ్య సంగీతమే లేకుండా చదివే వార్తలు కూడా మన హాల్లో మసకగా వినిపిస్తుంటే ఆ నింద సినిమా వాళ్ల మీద వేయలేం. పైగా మిక్సింగ్ లోపం ఉన్నప్పుడే మంచి దారి అవసరం ఎక్కువ, మధ్య దారి విడిగా ఉన్న సెట్టులో మాటను మాత్రమే రెండు మూడు డెసిబెల్స్ పెంచుకోవచ్చు. రెండు స్పీకర్లలో కలిసిపోయాక ఎవరూ విడదీయలేరు. టీవీ సెట్టింగుల్లో స్పష్టమైన గొంతు, రాత్రి మోడ్ లాంటివి ఉంటాయి, వాడి చూడాలి, బయట స్పీకర్ ఏదీ లేనివాళ్లు ఓటీటీలో 5.1 బదులు స్టీరియో ఎంచుకుని చూడాలి. సబ్‌టైటిల్స్ ఉన్నాయి కదా అనేవాళ్లకు నా జవాబు వేరు. తెలుగు కార్యక్రమానికి తెలుగు అక్షరాల సబ్‌టైటిల్ ఎంత అరుదో చూడండి. ఉన్న ఇంగ్లిష్ అక్షరాలు, అసలు ఇబ్బంది పడుతున్న అమ్మమ్మకూ తాతయ్యకూ ఎందుకు?

వాళ్ల సంగతే నాకు ఇందులో అన్నిటికన్నా ముఖ్యం. వయసుతో ముందు పోయేది పై పౌనఃపున్యాల వినికిడి, అంటే హల్లులే. 60 దాటినవాళ్లలో నాలుగో వంతుకు మించి ఇబ్బంది పెట్టే స్థాయి వినికిడి లోపం ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. అది ఉంటే స్పీకర్ మార్చి ఏం లాభం అంటారు. లాభం వాళ్లకే ఎక్కువ. మంచి చెవి మసకలోంచి కూడా మాటను ఏరుకోగలదు, తగ్గిన చెవి ఏరుకోలేదు. కోఠీలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రిలోనో, సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని అలీ యావర్ జంగ్ వినికిడి సంస్థలోనో పరీక్ష చేయించడం తప్పనిసరిగా చేయాల్సిన పని. దానితోపాటు ఇంట్లో పెద్దాయన రోజూ కూర్చునే కుర్చీ పక్కన, రెండడుగుల దూరంలో, తీగతో కలిపిన ఒక చిన్న స్పీకర్ పెడితే గది మోతతో పనిలేకుండా మాట అందుతుంది. హాలంతా దద్దరిల్లకుండా చదువుకునే పిల్లలకూ, పక్కింటివాళ్లకూ ఊరట. పెద్దాయన "ఏమన్నాడు?" అని మూడోసారి అడగడం మానేసి ఊరుకున్నాడంటే ఆయనకు అర్థమైందని కాదు. వినడం వదిలేశాడని. సాయంత్రం పూట ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చున్నప్పుడు ఆయన ఒక్కడే బయట ఉండిపోతున్నాడు.

ఇప్పుడు ఉప్పల్ భగాయత్‌లో, పర్వతాపూర్ వైపు, చెంగిచెర్లలో గోడలు లేస్తున్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి. గోడకు గాడి కొట్టి పైపులు వేసే రోజున ఇంటి యజమాని ఎలక్ట్రీషియన్‌కు చెప్పాల్సిన పనులు కొన్నే: టీవీ వెనక నుంచి కింది పలక దాకా హెచ్‌డీఎంఐ తీగ తల దూరేంత లావు పైపు ఒకటి, సోఫా పక్క గోడ దాకా సన్న పైపు ఇంకోటి, టీవీ మేకులు చెవి ఎత్తును చూసి కొట్టడం. ప్లాస్టరింగ్ అయ్యాక ఇదే పనికి గోడ మళ్లీ పగలగొట్టాలి. టీవీ యూనిట్ బొమ్మ గీసి తెచ్చిన డిజైనర్‌ను అడగాల్సిన ప్రశ్న కూడా ఒకటుంది, ఆ కాగితం మీద సంతకం పెట్టకముందే అడగాలి: ఇందులో గొంతు ఎక్కణ్నుంచి వస్తుంది?